మన ఇంట్లో లైటు వెలుగుతోంది, సరే. పక్కింట్లో?



వచ్చే సర్వసభ్య సమావేశం అజెండాలో ఐదో అంశం చూసే ఉంటారు. రామేశ్వరంలోని మన సంఘం హాలుకు పెద్ద డీజిల్ జనరేటరు కొనాలని ప్రతిపాదన. పెళ్లిళ్లకు, సీమంతాలకు హాలు తీసుకున్నవాళ్లు కరెంటు పోయి ఇబ్బంది పడుతున్నారని, దానివల్ల బుకింగులు తగ్గిపోతున్నాయని కారణం చూపించారు. మధురైలో, కోయంబత్తూరులో, చెన్నైలో ఉన్న సభ్యులకు ఇది చేతులెత్తి నిమిషంలో ఆమోదించే విషయంగా కనబడవచ్చు. దీవిలోనే కాపురాలుంటున్న మాకు అలా కనబడడం లేదు. జనరేటరు వద్దని మేము అనడం లేదు. ఆ డబ్బుతో ముందు చేయవలసిన పని ఒకటి ఉంది, అది చేశాక మిగతాది ఆలోచిద్దాం అంటున్నాము. ఉత్తరం కొంచెం పెద్దదే. ఓపికగా చదవండి.

ముందుగా, ఇక్కడ కరెంటు ఎందుకు పోతుందో చెప్పాలి. బయట ఊళ్లవాళ్లు "తమిళనాడులో కరెంటు కొరత తీరిపోయింది కదా, ఇంకా ఏమిటి మీ గోల?" అంటారు. కొరత రోజులు మనందరికీ గుర్తే. 2011లో ప్రభుత్వం ఇంటింటికీ మిక్సీ, గ్రైండరు, ఫ్యాను ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. 2012 వచ్చేసరికి చెన్నై దాటితే చాలా ఊళ్లల్లో రోజుకు పది, పన్నెండు గంటలు కరెంటు లేదు. కొత్త గ్రైండరు పక్కన కూర్చుని పాత రోట్లో పిండి రుబ్బుకున్న ఇళ్లు ఎన్నో. వీధికొక ఇన్వర్టర్ కొట్టు వెలిసింది ఆ ఏళ్లల్లోనే. ఆ కొరత పోయింది. ఈనాడు మన రామనాథపురం జిల్లా స్వయంగా కరెంటు పండించే జిల్లా. కముదిలో 648 మెగావాట్ల సోలార్ కేంద్రం 2016 నుంచి ఉంది. వళుదూరులో గ్యాసుతో నడిచే కేంద్రం ఉంది. అయినా మా ఇళ్లల్లో కరెంటు పోతూనే ఉంటుంది. ఎందుకంటే కరెంటు పుట్టకపోవడం ఒక జబ్బు, పుట్టిన కరెంటు ఇంటికి చేరకపోవడం ఇంకో జబ్బు. మాది రెండోది.

ఈ దీవి లైను చివర వేలాడే ఊరు. లైను చివరి ఊరికి రెండు బాధలు. వెనక ఎక్కడ ఏమి తెగినా మనకు పోతుంది. అన్నీ బాగున్న రోజున కూడా వోల్టేజీ దిగి వస్తుంది. సాయంత్రం లాడ్జీలలో ఏసీలన్నీ ఒక్కసారి వేస్తే మా ఇళ్లల్లో ఫ్యాను ఎడ్లబండి చక్రంలా తిరుగుతుంది.

మూడో బాధ ఉప్పు. సముద్రపు గాలిలోని ఉప్పు స్తంభాల మీది పింగాణీ ఇన్సులేటర్లకు పొరగా పట్టుకుంటుంది. ఎండగా ఉన్నంతసేపు ఆ పొర ఏమీ చేయదు. తెల్లవారుజామున మంచుకు తడిసినప్పుడు మాత్రం కరెంటు దాని మీదుగా జారిపోతుంది, చిటపటమని నిప్పురవ్వలు లేస్తాయి, లైను ట్రిప్ అవుతుంది. గాలీ వానా లేని రోజున కూడా తెల్లారుజామున కరెంటు పోయిందంటే చాలాసార్లు కారణం ఇదే. మంచి వాన పడి ఆ ఉప్పును కడిగేస్తే కొన్నాళ్లు హాయి.

రైల్వేలో పనిచేసిన మాకు ఈ ఉప్పు సంగతి కొత్త కాదు. 1914లో తెరిచిన పాత పాంబన్ వంతెన ఉన్న చోటు ఇనుము అతి వేగంగా తుప్పుపట్టే చోట్లలో ఒకటని పేరు. ఆ వంతెనకు రంగు వేయడం అనేది ఎప్పటికీ పూర్తికాని పని. 2025 ఏప్రిల్‌లో ప్రారంభమైన కొత్త వంతెనకు స్టెయిన్‌లెస్ స్టీలు కమ్మీలు, తుప్పును ఆపే ప్రత్యేకమైన పెయింటు వాడారు. ఉప్పు ఉంటుందని తెలిసి, దానికి తగిన వస్తువుతో కట్టారు. కరెంటు విషయంలో కూడా కావలసింది అదే బుద్ధి.

ఇక కాలాలు. ఆడి గాలికి సన్నెకల్లు కూడా ఎగురుతుందని అరవంలో సామెత. ఆ నెలలో తీగలు ఒకదానికొకటి తగులుకుంటాయి, కొబ్బరిమట్టలు వచ్చి లైను మీద పడతాయి. ఐప్పసి, కార్తిక నెలల్లో ఈశాన్యం వానలు, తుఫానులు. 2018 నవంబరులో గజ తుఫాను వేదారణ్యం దగ్గర తీరం దాటినప్పుడు ఆ జిల్లాల్లో లక్షకు పైగా స్తంభాలు కూలిపోయాయి. కేరళ నుంచి కూడా లైన్‌మెన్లు వచ్చి పనిచేశారు. అయినా కొన్ని పల్లెలకు కరెంటు రావడానికి వారాలు పట్టింది. ఆ తుఫాను కొంచెం కిందికి దిగి ఉంటే మా గతి ఏమిటో మీరే ఊహించుకోండి.

మరి మేము ఎలా గడుపుతున్నాము? దీవిలో కాపురం ఉన్న ప్రతి ఇల్లూ ఏదో ఒక ఏర్పాటు చేసుకుంది. అందులో లెక్క తెలిసి చేసుకున్నది కొంత, కొట్టువాడు చెప్పింది విని డబ్బు పారేసుకున్నది కొంత. బయట ఊళ్లల్లో ఉన్న సభ్యులు ఇక్కడి అమ్మానాన్నలకు ఇన్వర్టర్ కొనిచ్చి వెళ్లిపోతున్నారు కాబట్టి ఆ లెక్కలు కూడా చెబుతాము.

మామూలుగా ఇళ్లల్లో పెట్టేది 12 వోల్టుల, 150 ఆంపియర్ అవర్ బ్యాటరీ. కాగితం మీద అది 1800 వాట్ అవర్లు, అంటే 1.8 యూనిట్లు. పూర్తిగా ఖాళీ చేయకూడదు, ఇన్వర్టర్ కూడా కొంత తినేస్తుంది, కాబట్టి చేతికి వచ్చేది సుమారు 1.2 యూనిట్లు. పాతరకం సీలింగు ఫ్యాను 75 వాట్లు లాగుతుంది. రెండు ఫ్యాన్లు, నాలుగు ఎల్.ఇ.డి. దీపాలు వేస్తే ఆరుగంటలు దాటి కొంచెంసేపు వస్తుంది. అదే 30 వాట్ల బి.ఎల్.డి.సి. ఫ్యాన్లు పెడితే అవే దీపాలతో పన్నెండు గంటలు వస్తుంది. ఫ్యాను మార్చడం అంటే ఇంకో బ్యాటరీ కొన్నట్టే. పైగా ఆ ఫ్యాను తక్కువ వోల్టేజీలో కూడా చక్కగా తిరుగుతుంది. రెండో బ్యాటరీకి డబ్బు పంపేముందు పిల్లలు ఈ సంగతి ఆలోచించాలి.

బ్యాటరీకి రెండు మూడు నెలలకు ఒకసారి డిస్టిల్డ్ వాటర్ పోయాలి. కుళాయి నీళ్లు, ఫిల్టరు నీళ్లు పోయకూడదు. టెర్మినళ్ల మీద తెల్లటి పువ్వు పూయకుండా వాసెలిన్ రాయాలి. చార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ గ్యాసు వస్తుంది, కాబట్టి గాలి ఆడని మూలలోనో, దేవుడి దీపం పక్కనో పెట్టకూడదు. మా వీధిలో డెబ్బై దాటిన దంపతుల ఇళ్లల్లో ఏడాదిగా నీళ్లు పోయని బ్యాటరీలు ఎన్నో చూశాము. ఇన్వర్టర్ మీద పచ్చలైటు వెలుగుతూ ఉంటుంది. కరెంటు పోయిన ఇరవై నిమిషాలకు అంతా చీకటి.

ఫ్రిజ్ సంగతి. కరెంటు పోయాక తలుపు తీయకపోతే నాలుగు గంటలదాకా చల్లదనం నిలుస్తుంది. ఇన్సులిన్ వాడేవాళ్లు అంతకంటే ఎక్కువసేపు పోతే ఏం చేయాలో ముందే తెలుసుకుని ఉండాలి. పెద్ద మట్టికుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న కుండ దించి, నీళ్లు తగలకుండా మందు అందులో పెట్టి, తడిగుడ్డ కప్పి నీడలో ఉంచితే గది వేడికంటే బాగా చల్లగా ఉంటుంది. గాలిలో చెమ్మ ఎక్కువున్న రోజున అంత చల్లబడదు, కానీ కత్తిరి ఎండల్లో ఇది చాలా ఇళ్లను కాపాడింది. వాడుతున్న రకం బయట ఎన్నిరోజులు ఉండవచ్చో మీ డాక్టరును అడిగి, చీటీ మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించుకోండి.

సోలార్ గురించి ఒక అపోహ ఉంది. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ వస్తుందని విని కొందరు మేడమీద పలకలు వేయించుకున్నారు. మంచిదే, బిల్లు తగ్గుతుంది. కానీ కరెంటు పోయినప్పుడు కూడా వెలుగుతుందని అనుకున్నవాళ్లు మట్టమధ్యాహ్నం ఎండలో ఫ్యాను ఆగిపోతే అవాక్కయ్యారు. లైనుకు కలిపిన మామూలు సోలార్ ఇన్వర్టర్ లైనులో కరెంటు లేకపోతే తానూ ఆగిపోతుంది. అలా ఆగాలనే దాన్ని తయారుచేస్తారు. ఎందుకంటే స్తంభం మీద పనిచేస్తున్న లైన్‌మన్ లైను చచ్చిందని అనుకుని తీగ ముట్టుకుంటాడు. మన మేడమీది కరెంటు వెనక్కి పారితే అతని ప్రాణం పోతుంది. కరెంటు లేనప్పుడు కూడా పనిచేయాలంటే బ్యాటరీతో కూడిన హైబ్రిడ్ ఏర్పాటు వేరుగా అడగాలి. జనరేటరు పెట్టుకునేవాళ్లకు కూడా ఇదే మాట. చేంజోవర్ స్విచ్చి లేకుండా జనరేటరు వైరును ప్లగ్గులో గుచ్చడం కొన్ని చోట్ల చూశాము. అది నేరంతో సమానం.

ఇంతవరకూ చెప్పింది ఎవరి ఇంటికి వాళ్లు చేసుకునే పని. అసలు మాట ఇప్పుడు మొదలవుతుంది.

పోయిన ఐప్పసి నెలలో ఒక రాత్రి పదిగంటలకు కరెంటు పోయి మరునాడు మధ్యాహ్నం వచ్చింది. మా వీధిలో మనవాళ్లవి తొమ్మిది ఇళ్లు. ఆరింట్లో మంచి ఇన్వర్టర్లున్నాయి. ఏడో ఇంట్లో ఒక పెద్దావిడ ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ మీద ఉన్నారు. ఆ మిషను 300 వాట్లకు పైగానే లాగుతుంది. వాళ్ల బ్యాటరీ మూడు గంటలకే చేతులెత్తేసింది. కొడుకు ఉద్యోగం మీద చెన్నైలో ఉన్నాడు. కోడలు ఇంట్లో ఉన్న చిన్న సిలిండరు తగిలించి, అత్తగారిని దిండ్లకు ఆనించి కూర్చోబెట్టి, తెల్లవార్లూ గేజీ ముల్లు చూస్తూ కూర్చుంది. వానలో అర్ధరాత్రి ఎవరి తలుపు కొట్టాలో ఆ అమ్మాయికి తెలియలేదు. తెల్లారి పాలవాడు చెబితే వీధికి తెలిసింది. ఒక ఆటోడ్రైవరు వెళ్లి పెద్ద సిలిండరు తెచ్చాడు. ఆయన మనవాడు కాదు, ముస్లిం కుర్రవాడు, డబ్బు కూడా తీసుకోలేదు. పెద్దావిడ దక్కారు.

ఆ రాత్రి ఆరు ఇళ్లల్లో ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. ఆ ఆరు బ్యాటరీలలో ఏ రెండైనా ఆమెకు తెల్లారేదాకా సరిపోయేవి. మనసు లేక ఇవ్వలేదా? కాదు. పక్కింట్లో అవసరం ఉందని తెలిసే దారి లేదు, తెలిస్తే ఏం చేయాలో ముందుగా అనుకున్న ఏర్పాటూ లేదు.

ఇన్వర్టర్ రాకముందు ఇలా ఉండేది కాదు. కరెంటు పోతే అందరూ బయటికి వచ్చేవాళ్లు. తిన్నెల మీద కూర్చునేవాళ్లు. లాంతరు ఉన్న ఇంటి దగ్గర పిల్లలు చదువుకునేవాళ్లు. ఎవరింట్లో జ్వరం, ఎవరింట్లో బాలింత, అన్నీ ఆ చీకటిలోనే తెలిసేవి. ఇప్పుడు కరెంటు పోయిన సంగతే సగం ఇళ్లకు తెలియదు. వీధిదీపం ఆరిందని కిటికీలోంచి చూసి తెలుసుకుంటారు. ఆ పాతరోజులు మళ్లీ రావాలని మేము పాట పాడడం లేదు. దోమల్లో, ఉక్కలో ఎవరూ సంతోషంగా లేరు. మేము చెప్పేది, ఆ తిన్నె చేసిన పనిని ఇప్పుడు వేరే ఏదో ఒకటి చేయాలని.

ఇంకో నష్టం దీనికంటే పెద్దది. ఇన్వర్టర్ ఉన్న ఇల్లు ఫిర్యాదు చేయడం మానేస్తుంది. ఫోను చేయగలిగినవాళ్లు, కాగితం రాయగలిగినవాళ్లు, ఆఫీసుకు వెళితే కుర్చీ వేయించుకోగలిగినవాళ్లు ఎవరు? ఇన్వర్టర్ కొనగలిగినవాళ్లే. వాళ్లకు నొప్పి లేదు కాబట్టి గొంతు లేవదు. నొప్పి ఉన్నవాళ్లు, అంటే అద్దెకున్నవాళ్లు, చేపలు ఎండబెట్టుకునేవాళ్లు, శంఖాలు గవ్వలు అమ్ముకునేవాళ్లు, మాట్లాడితే వినేవాళ్లు తక్కువ. వంద ఇళ్లు కలిసి అడిగితే మారే పాత క్లాంపు, కడిగితే బాగుపడే ఇన్సులేటరు, ఒక్కొక్క ఇల్లూ ఇరవై, ముప్పై వేలు పెట్టి బ్యాటరీ కొనుక్కున్నందువల్ల అలాగే ఉండిపోతుంది. అన్ని ఇళ్లూ ఖర్చుపెట్టిన మొత్తం కలిపి చూస్తే, లైను బాగుచేయించడానికి మనం పెట్టని శ్రమ ఖరీదు తెలుస్తుంది.

"దీవి అంటే అంతే, సర్దుకోవాలి" అనే మాట ఇక్కడ తరచూ వింటాము. ఆ మాటలో నిజం లేకపోలేదు. ధనుష్కోడి వైపు చేపలుపట్టే కుటుంబాలు లైను లేకుండానే, చిన్న సోలార్ పలకలతో గడుపుకున్నాయి. వాళ్ల ఓర్పు ముందు మన ఇబ్బంది ఏపాటిది? కానీ అదే ధనుష్కోడి ఇంకో పాఠం కూడా చెబుతుంది. 1964 డిసెంబరు తుఫానులో ఊరు కొట్టుకుపోయింది, పాసింజరు రైలు సముద్రం పాలయింది, పాంబన్ వంతెన దూలాలు నీళ్లల్లో పడ్డాయి. అప్పుడు కూడా పడవల్లో సర్దుకోవచ్చని ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. శ్రీధరన్ అనే యువ ఇంజనీరుకు బాధ్యత అప్పగించారు. తర్వాత కొంకణ్ రైల్వే, ఢిల్లీ మెట్రో కట్టింది ఆయనే. సముద్రంలో పడిన దూలాలను పైకి తీయించి మళ్లీ బిగించి 46 రోజుల్లో రైలు నడిపించారు. ఈ దీవికి రైలు మళ్లీ వచ్చిందంటే సర్దుకోనివాళ్లవల్లే వచ్చింది. ఓర్పు ఉండాలి, కానీ ఓర్పే మందు అనుకుంటే జబ్బు తగ్గదు.

ఇక మన సమావేశానికి వస్తాము. మా ప్రతిపాదనలు మూడు.

ఒకటి, రిజిస్టరు. రైల్వే స్టేషనులో సిగ్నలు చెడిపోతే ఎన్ని గంటలకు చెడింది, ఎవరికి చెప్పారు, ఎన్ని గంటలకు బాగయింది అని రాసే ఫెయిల్యూరు రిజిస్టరు ఉంటుంది. అందులో కోపం రాయరు, టైము రాస్తారు. కోపానికి జవాబు చెప్పనివాళ్లు కూడా టైముకు జవాబు చెప్పాలి. మన వీధికి అలాంటి నోటుపుస్తకం ఒకటి పెడదాం. కరెంటు పోయిన తేదీ, టైము, వచ్చిన టైము, వోల్టేజీ బాగా తగ్గితే ఆ అంకె, ఫిర్యాదు నంబరు. ఇన్వర్టర్ ఉన్న ఇల్లు కూడా ప్రతిసారీ ఫిర్యాదు నమోదు చేయాలి. 2021 నుంచి మిన్నగం అనే కాల్ సెంటరు రాత్రింబవళ్లు పనిచేస్తోంది. ఆరునెలల లెక్క చేతిలో ఉంటే మన మాట బరువే వేరు. 2003 విద్యుత్ చట్టం ప్రకారం వినియోగదారుల ఫిర్యాదుల వేదిక ఉంది, దాని పైన ఓంబుడ్స్‌మన్ ఉన్నారు. 2020లో కేంద్రం వినియోగదారుల హక్కుల నిబంధనలు కూడా తెచ్చింది. అక్కడికి ఖాళీ చేతులతో వెళ్లకూడదు, రిజిస్టరుతో వెళ్లాలి. భాష అడ్డమని ఎవరూ అనవద్దు. మనలో చాలామంది తమిళ మీడియంలో చదివినవాళ్లమే. చక్కని తమిళంలో అర్జీ రాయడం మనకు చేతనైన పని. మన వీధి కోసమే కాదు, పక్క వీధి మత్స్యకారుల తరఫున కూడా రాసిపెడదాం. లైను వాళ్లకూ మనకూ ఒకటే.

రెండు, జాబితా. దీవిలోని మన ఇళ్లల్లో ఎవరికి ఆక్సిజన్ మిషను ఉంది, ఎవరు ఇన్సులిన్ వాడుతున్నారు, ఎవరు ఒంటరిగా ఉన్నారు, ఎక్కడ పసిబిడ్డ ఉంది అన్నది వాళ్ల ఇష్టంతోనే రాసుకోవాలి. ఇది గ్రూపులో పెట్టే జాబితా కాదు. ఇద్దరు బాధ్యుల దగ్గర మాత్రమే ఉండాలి. ఒక్కొక్క అవసరమున్న ఇంటికీ రెండేసి ఇళ్లు జోడించాలి. కరెంటు పోయి గంట దాటితే ఆ రెండిళ్లవాళ్లలో ఒకరు వెళ్లి తలుపు తట్టాలి. దీనికి రూపాయి ఖర్చు లేదు. నెలకొకసారి ఆ ఇళ్ల బ్యాటరీలలో నీళ్లు చూసే పని మన కుర్రవాళ్లు పెట్టుకుంటే ఇంకా మేలు.

మూడు, హాలులో ఒక గది. వంటశాల పక్కనున్న సామాన్ల గదిని ఖాళీ చేసి దాన్ని కరెంటు పోని గదిగా చేద్దాం. హాలు మేడమీద మూడు కిలోవాట్ల సోలార్ పెడితే మంచి ఎండలో రోజుకు సుమారు 12 యూనిట్లు వస్తాయి. పది యూనిట్లు నిలవచేసే బ్యాటరీ, హైబ్రిడ్ ఇన్వర్టర్ పెడితే రెండు ఆక్సిజన్ మిషన్లు రాత్రంతా నడుస్తాయి, మందులకు చిన్న ఫ్రిజ్ నడుస్తుంది, ఫోన్లు చార్జి అవుతాయి, రెండు మంచాలు, రెండు ఫ్యాన్లు. పలకల ఫ్రేములు, బోల్టులు ఉప్పుకు తట్టుకునేవి కావాలని కొటేషనులోనే రాయించాలి, లేకపోతే నాలుగేళ్లకు గాలికి ఎగిరిపోతాయి. సూర్యఘర్ సబ్సిడీ ఇళ్లకు ఇచ్చేది కాబట్టి దీనికి మన డబ్బే పెట్టాలి. మబ్బు రోజుల్లో సోలార్ చాలదని మాకూ తెలుసు. లైనులో కరెంటు ఉన్నప్పుడే బ్యాటరీ నింపుకుని ఉంచాలి. మూడురోజుల తుఫానుకు చిన్న జనరేటరు ఒకటి తోడుగా ఉండాలి. అంటే జనరేటరుకు మేము విరోధులం కాదు, దాని సైజుకూ వరసకూ విరోధులం.

పెళ్లివాళ్ల సంగతి ఏమిటని కోశాధికారి గారు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. హాలు అద్దె రాకపోతే సంఘం నడవదు, పిల్లల స్కాలర్‌షిప్పులు కూడా ఆ అద్దెలోంచే వెళుతున్నాయి. కానీ పెళ్లికి జనరేటరు అద్దెకు దొరుకుతుంది. ముహూర్తం ముందే తెలుసు, మనిషిని పెట్టి తెప్పించుకోవచ్చు, ఖర్చు పెళ్లివాళ్ల లెక్కలో పడుతుంది. ఊపిరాడని రాత్రికి ముహూర్తం ఉండదు. పైగా సొంత జనరేటరు చవక కాదు. లీటరు డీజిల్ తొంభై రూపాయలు దాటింది. లీటరుకు మూడు, మూడున్నర యూనిట్లు వస్తే ఒక్క యూనిట్టు ముప్పై రూపాయల దగ్గర పడుతుంది. ఈ ఉప్పుగాలిలో వారానికొకసారి నడపకపోతే అది కూడా పనికిరాకుండా పోతుంది. ఆ బాధ్యత ఎవరిదో ప్రతిపాదనలో రాయలేదు.

"ఇదంతా ప్రభుత్వం చేయవలసిన పని, సంఘం ఎందుకు చేయాలి?" అని ఒక పెద్దాయన ఫోనులో అడిగారు. ప్రభుత్వం చేయవలసిన పని ప్రభుత్వంతో చేయించడానికే మొదటి ప్రతిపాదన. అది జరిగేదాకా మనవాళ్ల ఊపిరి ఆగకుండా చూడడానికి మిగతా రెండు. ఒకటి వదిలి ఒకటి చేస్తే లాభం లేదు. గది కట్టుకుని ఫిర్యాదు మానేస్తే మనం కూడా పెద్ద ఇన్వర్టర్ కొనుక్కున్న ఇల్లయిపోతాం, అంతే.

మన పెద్దలు ఈ అరవదేశంలో తరతరాలుగా నిలదొక్కుకున్నది ఎలా? కొత్తగా వచ్చిన కుటుంబానికి ముందు వచ్చిన కుటుంబం చోటు చూపించింది. యాత్రకు వచ్చినవాళ్లకు సత్రాలు కట్టారు. ఆ సత్రాలలో దీపానికి నూనె పోయడానికి వేరుగా మాన్యాలు రాసిన దాతలున్నారు. దీపం ఒక ఇంటి సొత్తు కాదని వాళ్లకు తెలుసు. సంఘం అనే మాటకు అర్థం అదే అయితే, మన హాలులో ముందు వెలగవలసింది పెళ్లిపందిరి సీరియల్ లైట్లు కావు.

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలంటారు. ఐప్పసి వానలకు ఇంకా సమయం ఉంది. సమావేశానికి వచ్చే సభ్యులు ఐదో అంశం మీద చేయి ఎత్తేముందు దీవిలో ఉన్న మీ చుట్టాలకు ఒక ఫోను చేసి, పోయిన వానాకాలం ఎలా గడిచిందో అడగండి. మూడు కంపెనీల కొటేషన్లు, గది కొలతలు, రిజిస్టరు నమూనా పేజీ మేము తయారుచేసి సమావేశానికి తెస్తాము. అంకెలు చూసి మీరే నిర్ణయించండి. జాబితా పనికి ఇద్దరు కుర్రవాళ్లు కావాలి. దీవిలో ఉన్నవాళ్లు, రాత్రి తలుపు తట్టడానికి మొహమాటపడనివాళ్లు అయితే చాలు. ముందుకు వచ్చేవాళ్లు కార్యదర్శి గారికి చెప్పండి.